గ్లూటెన్ పడనివాళ్లకు బయటి తిండి: ఏ వంటగదికి ఎన్ని మార్కులు

మెనూ కార్డు మీద గోధుమ కంకికి అడ్డగీత కొట్టిన బొమ్మ కనిపించగానే సీలియాక్ ఉన్నవాళ్లకు, అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బున్నవాళ్లకు, ప్రాణం లేచొస్తుంది. చాలాచోట్ల ఆ బొమ్మ చెప్పేది వంటకంలో వేసిన సరుకుల సంగతి మాత్రమే. అది ఏ నూనెలో వేగింది, ఏ నీళ్లలో ఉడికింది, ఏ పెనం మీద కాలింది, ఏ గరిటెతో వడ్డించారు అన్నవి అందులో ఉండవు. చాలాసార్లు దెబ్బ తగిలేది అక్కడే.

అందుకని ఈ సమీక్షలో ఫలానా హోటలు మంచిది, ఫలానాది కాదు అని పేర్లు చదవడం లేదు. వంటవాడు మారితే హోటలు మారిపోతుంది, ఓనరు మారితే మరీను. వంటగది రకం అంత తొందరగా మారదు. పిజ్జా చేసేచోట పిండి ఎగురుతుంది, సోయా సాస్‌తో వండేచోట మూకుడు మూకుడుకీ అది అంటుకునే ఉంటుంది. ఏ దేశంలోనైనా, ఏ నగరంలోనైనా అంతే. కాబట్టి వంటగదుల రకాలకే ఐదుకు ఇన్ని అని మార్కులు వేశాం. లెక్క ప్రధానంగా సీలియాక్ ఉన్నవాళ్ల కోసం. వేరుశనగ, పాలు, నువ్వుల అలర్జీలకు లెక్క తేడా వచ్చేచోట ఆ మాట విడిగా చెప్పాం.

కొలత ఎంత, చట్టం ఎంతవరకు

కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకపోతే దాన్ని గ్లూటెన్ ఫ్రీ అనొచ్చని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్, యూరప్ నిబంధన, అమెరికాలో 2013లో వచ్చిన ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నియమం మూడూ ఒకే మాట చెబుతాయి. పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) లెక్కలో అది 20. అంటే 100 గ్రాముల పళ్లెంలో 2 మిల్లీగ్రాములు. మామూలు గోధుమ బ్రెడ్డు ముక్క ఒక్కదానిలోనే గ్లూటెన్ 2000 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చి చూసిన పరీక్షలో సీలియాక్ రోగుల పేగు లోపలి పొర దెబ్బతింది. 50 మిల్లీగ్రాములంటే ఆ బ్రెడ్డు ముక్కలో నలభయ్యో వంతు, అంటే టేబుల్ మీద రాలే పొడి. సలాడ్‌లో పడ్డ బ్రెడ్డు ముక్కలు తీసేసి ఇచ్చేస్తే సరిపోతుందనుకునే వెయిటర్‌కి ఈ లెక్క తెలియదు.

గ్లూటెన్ సూక్ష్మజీవి కాదు, ప్రోటీను. బాగా కాలిస్తే చచ్చేది కాదు, శానిటైజర్‌తో పోయేదీ కాదు. సబ్బు, నీళ్లు, రుద్దడం, ఈ మూడే దాన్ని వదిలిస్తాయి. వేరుశనగదీ అదే కథ. చేతులకు శానిటైజర్ రాసుకుంటే వేరుశనగ ప్రోటీను పోదు, సబ్బుతో కడిగితే పోతుంది. "మా గ్రిల్లు అంత వేడిలో ఏదీ మిగలదండీ" అనే వంటవాడికి వంట బాగా వచ్చుండొచ్చు, అలర్జీ గురించి మాత్రం తెలియదన్నమాట.

చట్టాలు కొంతవరకే కాపాడతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు 13 నుంచి రెస్టారెంట్లు కూడా తాము అమ్మే విడి ఆహారంలో 14 అలర్జీ కారకాల్లో ఏవి ఉన్నాయో చెప్పి తీరాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, వేరుశనగ, చెట్టు గింజలు (బాదం, జీడిపప్పు లాంటివి), నువ్వులతో పాటు ఆవాలు, సెలెరీ, లూపిన్ అనే పప్పు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఈ బాధ్యత కావాలని వేసిన సరుకులకే. పొరపాటున అంటుకున్నదాన్ని ఇది పట్టించుకోదు. అమెరికాలో 2004 నాటి అలర్జీ చట్టం ప్యాకెట్ ఆహారానికి వర్తించేది. దాని జాబితాలో గోధుమ ఉంది గానీ బార్లీ, రై లేవు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. బ్రిటన్‌లో షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసి అమ్మే శాండ్‌విచ్ లాంటివాటికి 2021 అక్టోబరు 1 నుంచి పూర్తి సరుకుల జాబితా తప్పనిసరి అయింది. పిండిలో కలిపి కాల్చేసిన, కంటికి కనిపించని నువ్వులు తిని ఒక అమ్మాయి చనిపోయాక వచ్చిన చట్టమది.

పూర్తిగా గ్లూటెన్ లేని వంటగది: ఐదుకు నాలుగున్నర

గుమ్మం దాటి గోధుమే లోపలికి రాని వంటగది ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు. అర మార్కు తగ్గించింది రెండు కారణాలకు. మొదటిది, వంటగదిలో లేకపోయినా బార్ కౌంటర్‌లో బార్లీ బీరు ఉండొచ్చు, సిబ్బంది తమ కోసం బయటి నుంచి శాండ్‌విచ్‌లు తెచ్చుకుని అదే బల్ల మీద తినొచ్చు. రెండోది గ్లూటెన్‌తో గొడవ లేనివాళ్లకు సంబంధించింది. గోధుమ లేని బేకింగ్‌కి పట్టు రావాలంటే బాదం పిండి, గుడ్లు, పాలపొడి, లూపిన్ పిండి బాగా పడతాయి. చెట్టు గింజలో, గుడ్లో పడని మనిషికి ఇలాంటి బేకరీ మామూలు బేకరీ కన్నా ప్రమాదం. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి లూపిన్ కూడా పడదు, రెండూ ఒకే జాతి పప్పులు కాబట్టి.

పిజ్జా, పాస్తా: ఒకటి, రెండు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. గ్లూటెన్ ఫ్రీ పిజ్జా అన్నది చాలా నగరాల్లో దొరుకుతుంది, మనుషుల్ని ముంచేదీ ఎక్కువగా అదే. నీమా అనే చేతిలో పట్టే పరీక్షా యంత్రం వాడినవాళ్లు అమెరికా రెస్టారెంట్లలో 18 నెలల్లో చేసిన 5,624 పరీక్షల ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. గ్లూటెన్ ఫ్రీ అని చెప్పి అమ్మిన ఆహారంలో 32 శాతానికి గ్లూటెన్ పట్టుబడింది. పిజ్జాలో అది 53 శాతం, పాస్తాలో 51. ఆ యంత్రం 20 పీపీఎం కన్నా తక్కువనూ ఒక్కోసారి పట్టేస్తుంది, అనుమానం ఉన్నదాన్నే జనం ఎక్కువగా పరీక్షిస్తారు. కాబట్టి అసలు పరిస్థితి ఇంతకన్నా నయం అనుకోవచ్చు. పిజ్జా, పాస్తా మిగతావాటికన్నా అంత ఎత్తున ఉండటం మాత్రం వంటగది లోపలికి తొంగి చూసినవాళ్లెవరికీ వింతగా అనిపించదు.

విడి బేస్ తెప్పించుకున్నంత మాత్రాన కాదు. పిండి పిసికి ఎగరేసే గదిలో ఆ దుమ్ము గంటల తరబడి గాల్లో తేలి కనిపించిన ప్రతిదాని మీదా దిగుతుంది. టమాటా సాస్ గరిటె మామూలు బేస్ మీద రుద్ది మళ్లీ అదే గిన్నెలో పడుతుంది. చీజ్ డబ్బాలో పిండి చేతులు. ఓవెన్‌లోకి తోసే చెక్క పార, కోసే చక్రం, ఓవెన్ నేల, అన్నీ ఉమ్మడే. సరిగా చేసేచోట ఎలా ఉంటుందో చెప్పుకుంటే తేడా అర్థమవుతుంది: బేస్ అల్యూమినియం పళ్లెంలోనే ఉండి ఆ పళ్లెంతోనే ఓవెన్‌లోకి పోతుంది, సాస్, చీజ్, పైన వేసే ముక్కలు మూతలున్న విడి డబ్బాల్లో ఫ్రిజ్ నుంచి వస్తాయి, కోసే చక్రానికి వేరే రంగు పిడి ఉంటుంది. పిండి కలిపే పని మరో గదిలో, లేదా తెల్లవారుజామునే ముగుస్తుంది. ఇవన్నీ ఉంటే మూడు మార్కులు ఇవ్వొచ్చు.

పాస్తాకి ఒక్క ప్రశ్న చాలు: ఏ నీళ్లలో ఉడికిస్తారు? రెస్టారెంట్లలో పాస్తాను పెద్ద గుండిగలో, జాలీ బుట్టల్లో వేసి ఉడికిస్తారు. పూట మొత్తం అదే నీళ్లు, సాయంత్రానికి గంజిలా చిక్కబడతాయి. గ్లూటెన్ లేని పాస్తా విడి బుట్టలో వేసినా నీళ్లు అవే. విడి గిన్నె, విడి నీళ్లు, విడి చిల్లుల గిన్నె ఉంటేనే తినాలి. చిల్లుల గిన్నెను కడిగినా కన్నాల్లో పిండి ఇరుక్కునే ఉంటుంది, అందుకే దాన్ని విడిగా అడగాలి. క్రీమ్ సాస్‌లు మైదాతో చిక్కబరచినవేమో కూడా కనుక్కోండి.

ఇటలీలో మాత్రం పరిస్థితి వేరు. పాస్తా దేశమే అయినా సీలియాక్ రోగుల కోసం 2005లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది. అక్కడి సీలియాక్ సంఘం ఏఐసీ, వంటవాళ్లకు శిక్షణ ఇచ్చి, వంటగదుల్ని తనిఖీ చేసి హోటళ్ల జాబితా నడుపుతుంది. ఆ స్టిక్కర్ తలుపు మీద ఉన్న పిజ్జా దుకాణం, అది లేని పిజ్జా దుకాణం రెండూ వేర్వేరు ప్రపంచాలు. బ్రిటన్‌లో సీలియాక్ యూకే కూడా ఇలాగే రెస్టారెంట్లకు గుర్తింపు ఇస్తుంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఆ దేశపు సీలియాక్ సంఘం జాబితా చూడటం, ఆ తర్వాతే మిగతా వెతుకులాట.

వేపుడు నూనె ఉమ్మడి అయితే సున్నా

ఇది ఏ వంటకానికీ పరిమితం కాదు, అందుకే విడిగా చెబుతున్నాం. బంగాళాదుంప ఫ్రైస్‌లో గోధుమ లేదు. అదే నూనెలో మైదా పూత పూసిన చికెన్, ఉల్లి చక్రాలు, బ్రెడ్డు పొడి అద్దిన చేపలు వేగుతాయి. పొడి రాలి నూనెలో తేలుతూ ఫ్రైస్‌కి అంటుకుంటుంది. నూనెను వడకట్టినా సన్నటి పొడి పోదు. మొక్కజొన్న చిప్స్, వేయించిన టోఫూ, రొయ్యలు, అన్నింటికీ ఇదే సమస్య. పాల అలర్జీకి, రొయ్యల అలర్జీకి కూడా ఇదే.

"ఫ్రైస్‌కి విడి నూనె ఉందా?" అని అడిగితే అవునంటారు. దాని తర్వాతి ప్రశ్న ముఖ్యం: "రద్దీగా ఉన్నప్పుడు అందులో ఇంకేమైనా వేయిస్తారా?" చాలా వంటగదుల్లో రెండు మూడు నూనె తొట్లు ఉంటాయి, పగలు విడిగానే ఉంటాయి, రాత్రి ఎనిమిదింటికి ఏది ఖాళీగా ఉంటే దాంట్లో పడేస్తారు. పైగా అన్ని తొట్ల నూనెనూ ఒకే యంత్రంలో వడపోసి తిరిగి నింపే చోట్లు ఉంటాయి. అప్పుడు విడి తొట్టి ఉన్నా విడి నూనె లేనట్టే.

గ్రిల్లు, స్టేక్, బర్గర్: మూడున్నర

ఉప్పు, మిరియాలు, నిప్పు. సరుకులు తక్కువ కాబట్టి ప్రశ్నలూ తక్కువ. ముక్కను గ్రిల్లు మీద కాకుండా కడిగిన విడి పెనంలో చేయమనండి, లేదంటే ఫాయిల్ పరిచి చేయమనండి. బర్గర్ బన్నులు అదే గ్రిల్లు మీద కాల్చే చోట ఇది తప్పదు. మాంసాన్ని ముందే నానబెట్టిన మసాలాలో సోయా సాస్ ఉందేమో, పైన చల్లే పొడి డబ్బాలో వచ్చినదేమో చూడాలి. బర్గర్ ముద్దలో బ్రెడ్డు పొడి, సాసేజ్‌లో గోధుమ రస్కు కలుపుతారు. పక్కన పోసే గ్రేవీ చిక్కగా నిగనిగలాడుతుంటే మైదా అయ్యే అవకాశం ఎక్కువ. పాల అలర్జీ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: స్టేక్ దించేముందు దాని మీద వెన్న వేసి తిప్పడం వంటవాళ్లకు చేతి అలవాటు. దాన్ని సరుకుగా లెక్కే వేయరు, మెనూలో రాయరు, అడిగినా గుర్తురాదు. "వెన్న వేస్తారా?" అని పేరు పెట్టి అడిగితేనే బయటపడుతుంది.

తూర్పు ఆసియా వంటలు: ఒకటి నుంచి మూడు దాకా

మామూలు సోయా సాస్ సోయా, గోధుమ కలిపి పులియబెట్టింది. చైనా వంటగదిలో అది ఉప్పుతో సమానం. మాంసం నానబెట్టే దగ్గర నుంచి ఆయిస్టర్ సాస్ దాకా అంతటా ఉంటుంది. మూకుడును ఒక వంటకానికీ మరోదానికీ మధ్య వేడినీళ్లతో, వెదురు చీపురుతో తుడుస్తారే గానీ సబ్బు పెట్టరు. ఒక మార్కు. సాస్ లేకుండా ఆవిరి మీద ఉడికించిన చేప, ఉత్త అన్నం అడిగితే ఇంకో మార్కు కలపొచ్చు.

జపాన్ వంట చూడటానికి శుభ్రంగా, అన్నం చేపలతో సురక్షితంగా కనిపిస్తుంది. సుషీలో వేసే పీత మాంసం చాలాచోట్ల చేప ముద్దకు గోధుమ పిండి కలిపి చేసింది. ఈల్ చేప మీది తియ్యటి సాస్‌లో సోయా సాస్ ఉంటుంది. అన్నంలో కలిపే వెనిగర్ కొన్నిసార్లు ధాన్యపు వెనిగర్. మీసో అనే పులిసిన సోయా ముద్దలో బార్లీతో చేసిందీ ఉంటుంది. సోబా నూడుల్స్ బక్‌వీట్‌వే అయినా ఎక్కువ రకాల్లో గోధుమ కలుస్తుంది, పైగా గోధుమ నూడుల్స్ ఉడికిన నీళ్లలోనే ఉడుకుతాయి. వీటన్నిటినీ దాటి వచ్చాక కూర్చోగానే తెచ్చిపెట్టే చల్లటి టీ బార్లీ టీ కావచ్చు. కొరియా హోటళ్లలోనూ అది మామూలే, అక్కడి ఎర్ర మిరప ముద్దలో గోధుమ లేదా బార్లీ తరచుగా ఉంటుంది. తమారి, అంటే గోధుమ లేకుండానో చాలా తక్కువగానో చేసే సోయా సాస్, సీసా వెంట తీసుకెళ్లడం మంచిదే గానీ, తమారి అన్న పేరొక్కటీ చూసి కొనొద్దు. కొన్నిటిలో కాస్త గోధుమ ఉంటుంది, లేబుల్ చదవాలి.

వియత్నాం వంటకు మూడు. బియ్యం నూడుల్స్, చేప సాస్, పచ్చి ఆకులు ఉంటాయి. ప్రమాదమంతా టేబుల్ మీది హోయిసిన్ అనే తియ్యటి సోయా సాస్ సీసాలోనూ, సూప్‌లో పోసే రుచి సాస్‌లోనూ ఉంది. థాయ్ కూడా గ్లూటెన్‌కి మూడే. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం సున్నా: దంచిన వేరుశనగ పొడి ఆ వంటగదిలో గరిటె గరిటెకీ ఉంటుంది. రొయ్యల అలర్జీకీ అంతే, కూర ముద్దల్లో ఎండు రొయ్యల పేస్టు కలిసి ఉంటుంది.

మిగతావి, క్లుప్తంగా

మెక్సికన్‌కి మూడు. మొక్కజొన్న టోర్టియాలు సరే, మైదావి కాల్చిన పెనం మీదే వీటినీ వేడి చేస్తారా అని అడగాలి. మోలే సాస్‌లో బ్రెడ్డు, వేరుశనగ, నువ్వులు మూడూ ఉండే అవకాశం ఉంది. ఇథియోపియా ఇంజెరా రొట్టెకి రెండు. టెఫ్ ధాన్యానికి గ్లూటెన్ లేదు, కానీ నగరాల్లో దొరికే ఇంజెరాలో గోధుమో బార్లీయో తరచుగా కలుస్తుంది. పిండి పులవాలి కాబట్టి పూర్తి టెఫ్‌ది కావాలంటే ముందే చెప్పుకోవాల్సి ఉంటుంది. భారతీయ రెస్టారెంటుకి మూడు. బియ్యం, పప్పులు ఆసరా, కానీ పొడి ఇంగువలో సాధారణంగా గోధుమ పిండి కలుస్తుంది. జీడిపప్పు ముద్ద, నెయ్యి, క్రీమ్ వల్ల గింజల, పాల అలర్జీలకు ఒకటే మార్కు.

వీగన్ (మాంసం, గుడ్లు, పాలు ఏవీ వాడని) రెస్టారెంటు పేరు చూసి సీలియాక్ ఉన్నవాళ్లు మోసపోవద్దు. అక్కడ మాంసానికి బదులుగా వాడే సైతాన్ అంటే గోధుమ నుంచి పిండి కడిగేసి మిగిల్చిన గ్లూటెన్ ముద్దే. పాల అలర్జీకి ఆ వంటగది మంచిదే, అయితే మామూలు హోటల్లో ఒక వంటకం పక్కన వీగన్ అని రాసి ఉంటే దాన్ని అంత నమ్మకూడదు. అది సరుకుల మాట, పాత్రల మాట కాదు. లాక్టోజ్ ఫ్రీ అన్నదైతే పాల అలర్జీకి అస్సలు పనికిరాదు. అందులో చక్కెరను మాత్రమే విడగొడతారు, ప్రోటీను అలాగే ఉంటుంది.

కాఫీ షాపుకి రెండున్నర. ఓట్స్ పాలు గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటే తప్ప వద్దు. మామూలు ఓట్స్‌లో పొలం నుంచే గోధుమ, బార్లీ కలుస్తాయి. పాలు కాచే ఆవిరి గొట్టం అన్ని పాలల్లోనూ మునుగుతుంది, దాన్ని గుడ్డతో తుడుస్తారు, ఆ గుడ్డ పొద్దుటి నుంచీ అదే. పాల అలర్జీ తీవ్రంగా ఉంటే బ్లాక్ కాఫీయే. పొద్దుటి టిఫిన్ల దగ్గర ఆమ్లెట్ మెత్తగా ఉబ్బాలని అందులో పాన్‌కేక్ పిండి కలిపే చోట్లున్నాయి. పెంకుతో ఉడికించిన గుడ్లు అడగండి. ఐస్‌క్రీమ్‌కి కప్పు అడిగినంత మాత్రాన చాలదు. గరిటెలన్నీ ఒకే నీళ్ల తొట్టిలో మునిగి ఉంటాయి, బిస్కెట్ల రకం తీసిన గరిటే మీ రకంలోనూ దిగుతుంది. మూత తీయని కొత్త డబ్బా, కడిగిన గరిటె అడగండి. చాలాచోట్ల విసుక్కోకుండా ఇస్తారు.

బఫేకి సున్నా. ఎవరో ఒకరు పాస్తా గరిటెను అన్నంలో పెట్టేస్తారు. అది తప్పనిసరి అయితే వడ్డన తెరవకముందే వెళ్లి, వంటగదిలోంచి విడిగా పళ్లెం పెట్టించుకోవాలి.

పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థలకు మూడు ఇవ్వడం కొందరికి నచ్చకపోవచ్చు. వాళ్లు అలర్జీ పట్టికలు వెబ్‌సైట్‌లో పెడతారు, సరుకులు అన్ని శాఖల్లోనూ ఒకటే. పొరుగు బిస్ట్రోలో ఛెఫ్ గారి ఆ రోజు మూడ్ కన్నా ఇది నయం. కానీ పట్టిక దేశం దేశానికీ మారుతుంది. ఒక పెద్ద బర్గర్ సంస్థ అమెరికాలో ఫ్రైస్‌కి గోధుమ, పాల నుంచి తీసిన పదార్థాలున్న రుచి కలుపుతుంది, బ్రిటన్‌లో అదే పేరు ఫ్రైస్‌లో అది లేదు. విమానం దిగాక కొత్త పట్టిక చూసుకోవాలి.

డెలివరీ యాప్‌లకు ఒకటి. గ్లూటెన్ ఫ్రీ అన్న ట్యాగు హోటలు తనకు తాను పెట్టుకున్నది, ఎవరూ తనిఖీ చేయరు. సూచనల పెట్టెలో మీరు రాసింది చిన్న అక్షరాల్లో బిల్లు అడుగున అచ్చవుతుంది, వంటవాడు చూస్తే చూసినట్టు. నాలుగు బ్రాండ్ల పేర్లతో ఒకే వంటగది నడుస్తున్నా కస్టమర్‌కి తెలియదు. యాప్‌లో చిరునామా చూసి, అదే చిరునామాతో పిజ్జా బ్రాండు కూడా ఉందేమో వెతకండి. ఆర్డర్ మాత్రం హోటలుకి నేరుగా ఫోన్ చేసి చెప్పడమే మేలు.

కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్ల ఇబ్బంది వేరే రకం. ముందే వండి పెట్టిన పులుసులో, సూప్‌లో ఉప్పు తీయలేరు, కాబట్టి అప్పటికప్పుడు కాల్చేదో ఉడికించేదో చెప్పుకోవాలి. ఒక హెచ్చరిక: "మేం తక్కువ సోడియం ఉప్పు వాడతాం" అని గొప్పగా చెప్పే చోట ఆ ఉప్పులో సాధారణంగా పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీలు పాడైనవాళ్లకు అది మామూలు ఉప్పు కన్నా ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్లదీ ఇదే చిక్కు, తయారుగా ఉన్న చాలా సాస్‌లలో అవి ఉంటాయి.

అడగడం ఎలా

ఫోన్ చేయాల్సింది మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య, భోజనాల రద్దీ తగ్గి రాత్రి వంట మొదలుకాకముందు. "మీ దగ్గర గ్లూటెన్ ఫ్రీ ఉందా?" అని అడిగితే ఉందంటారు. అవును, కాదు అని తేలే ప్రశ్నలు పక్కనపెట్టి, ఎలా చేస్తారో చెప్పించండి: ఈ చేపను దేనిలో వేయిస్తారు, సాస్ ఇక్కడే చేస్తారా డబ్బాలో వస్తుందా, నా ప్లేటు ఎక్కడ సర్దుతారు. జవాబులో "కనుక్కుని చెబుతా" అన్న మాట వస్తే మంచి గుర్తు. తడుముకోకుండా "ఏం పర్లేదండీ, చూసుకుంటాం" అంటే వేరే చోటు వెతుక్కోండి. "మా వంటగదిలో పిండి ఎగురుతుంది, మీకు హామీ ఇవ్వలేం" అని చెప్పిన హోటలు మీద కోపం తెచ్చుకోకండి, నిజం చెప్పినందుకు వాళ్లకో దండం.

భాష రాని నగరంలో కార్డు తప్పదు. స్థానిక భాషలో, ఐదారు వాక్యాలు చాలు: నాకు ఈ జబ్బు ఉంది, గోధుమ, బార్లీ, రై పడవు. సోయా సాస్, మైదా, బ్రెడ్డు పొడి, పొడి సూప్ కలపొద్దు. కడిగిన పెనం, కడిగిన కత్తి, కొత్త నూనె వాడండి. అన్నం, బంగాళాదుంప, గుడ్లు, మాంసం, కూరగాయలు తినగలను. ఆ చివరి వాక్యం మర్చిపోతే వంటవాడికి వద్దన్న జాబితా తప్ప దారి కనిపించదు. కార్డు వెయిటర్ చేతి నుంచి వంటవాడి దాకా వెళ్లాలి, కాబట్టి రెండు మూడు కాపీలు ఉంచుకోండి.

పళ్లెం వచ్చాక తెచ్చినవాళ్లను "ఇది అలర్జీ ఆర్డరేనా?" అని ఒకసారి అడగాలి. తప్పు వస్తే, ఉదాహరణకు పైన బ్రెడ్డు ముక్కలుంటే, పళ్లెం వెనక్కి ఇవ్వకుండా మీ దగ్గరే పెట్టుకుని కొత్తది తెమ్మనండి. వెనక్కి ఇస్తే ముక్కలు ఏరేసి అదే పళ్లెం తిరిగి రావచ్చు.

జేబులో పెట్టుకునే పరీక్షా యంత్రం విషయానికొస్తే, అది శనగగింజంత ముక్కను పరీక్షిస్తుంది. ఆ ముక్కలో లేదంటే పళ్లెంలో లేదని కాదు. సోయా సాస్, బీరు లాంటి పులిసినవాటిని అది సరిగా పట్టలేదు. గ్లూటెన్ ఉందని చూపిస్తే తినకండి, లేదని చూపిస్తే మాత్రం దాన్ని నమ్మి ప్రశ్నలు మానేయకండి.

తీవ్ర అలర్జీ ఉన్నవాళ్ల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్లు రెండు ఉండాలి, ఒకటి కాదు. గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా దద్దుర్లతో పాటు వాంతులైనా వెంటనే తొడ పక్క భాగంలో పొడవాలి. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు. అంబులెన్స్‌కి చెప్పాలి, రోగిని పడుకోబెట్టాలి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టొచ్చు గానీ నడిపించకూడదు. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది.

ఫైండ్ మీ గ్లూటెన్ ఫ్రీ లాంటి యాప్‌లలో రివ్యూలు చదివేటప్పుడు చుక్కల సంఖ్య వదిలేసి మూడు సంగతులు చూడండి: తేదీ, రాసినవాళ్లకు నిజంగా సీలియాక్ ఉందా, వంటగది గురించి ఒక్క వాక్యమైనా ఉందా. "అద్భుతంగా ఉంది, నాకేం కాలేదు" అన్నది సాక్ష్యం కాదు. సీలియాక్ ఉన్నవాళ్లలో కొందరికి పేగు దెబ్బతింటున్నా బయటికి ఏ లక్షణమూ కనిపించదు. మీరు రాసేటప్పుడు ఏ వంటకం తిన్నారు, వేపుడు నూనె విడిగా ఉందా, ఆ మాట వెయిటర్ చెప్పాడా ఛెఫ్ చెప్పాడా, వెళ్లింది రద్దీ వేళా ఖాళీ వేళా, ఇంతవరకు రాసినా చాలు, చాంతాడులా పొడుగ్గా రుచుల వర్ణన అక్కర్లేదు.